నంద్యాల రోడ్డు మీద దున్నపోతు

మద్దిలేటి బాధ బండి నడవకపోవడం కాదు. నడుస్తోంది. అదే బాధ.

అసలే నడవకపోతే చేతులెత్తేసి ఒక మూల కూర్చోవచ్చు. ఇది అట్లా కూర్చోనిచ్చే రకం కాదు. తాళం తిప్పగానే గుర్రుమంటుంది. షెడ్డు మీది రేకులన్నీ అదిరేట్టు ఒక్క అరుపు అరుస్తుంది. రోడ్డెక్కి జోరుగా పోతుంది. హమ్మయ్య, ఇంక ఫరవాలేదు అనుకునే వేళకు రెండు దగ్గులు దగ్గి నడిరోడ్డులో ఆగిపోతుంది. కాసేపు ఎండలో నిలబెట్టి, వచ్చేపోయే ఆటోవాళ్ళందరి చేతా నవ్వించి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

పట్నం కుర్రాళ్ళు ఇట్లాంటి బండిని మజిల్ కారు అంటారట. కర్నూల్లో దస్తగిరి ఉస్తాద్ రిపేరు షెడ్డులో మాత్రం దాని పేరు దున్నపోతు. ముందు అంత పొడుగు బానెట్టు, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజను, వెనక ఎత్తయిన పిర్ర. ఎప్పుడో ఆనకట్ట పనికొచ్చిన ఒక దొర, దేశం విడిచి పోతూ పోతూ వేదవతమ్మ వాళ్ళ నాయనకు అమ్మేసి పోయిన అమెరికా బండి అది.

వేదవతమ్మ సామాన్యురాలు కాదు. ఆడపిల్ల సైకిలెక్కితేనే జనం గుంపులుగా చూసే రోజుల్లో ఈ బండి తోలింది. ఓర్వకల్లు రాళ్ళ దాకా దుమ్ము లేపుకుంటూ పోయి వచ్చేదట. నాయన పోయినాక బండి పాత కొట్టంలో పడింది. ఎలుకలు సీట్లలో కాపురాలు పెట్టాయి. ఇప్పుడు ఆ కొట్టం ఉన్న జాగా చేతులు మారుతోంది. శుక్రవారానికల్లా ఖాళీ చేయాలి, బండి ఇంకో చోటికి చేరాలి. వేదవతమ్మ ఉండేది నంద్యాలలో, తమ్ముడింట్లో.

ఆ తమ్ముడు ముక్కుసూటి మనిషి. "అక్కా, బండి నడుచుకుంటా వస్తే నా వాకిట్లో జాగా ఇస్తా. లారీ మీద ఎక్కించుకోని వస్తే మాత్రం అట్నుంచి అటే పాత ఇనుము కొట్టుకు పంపిస్తా. చచ్చిన బండికి నేను కాపలా ఉండలేను" అనేశాడు.

అందుకని వేదవతమ్మ ఆ బండిని తోయించుకుంటూ షెడ్డుకు తెచ్చింది. ఉస్తాద్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్టు మీద చెయ్యి పెట్టాడు. తర్వాత మద్దిలేటి వైపు చూశాడు.

"నువ్వు విప్పు" అన్నాడు.

ఆ ఒక్క మాటకు మద్దిలేటికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం అట్లాంటిది. పదిహేనేళ్ళుగా ఆ షెడ్డులోనే మేస్త్రీగా ఉన్నాడు. లారీలు, ట్రాక్టర్లు ఎన్నో చేశాడు కానీ, ఇట్లాంటి బండి ఉస్తాద్ చేతికి తప్ప ఇంకొకరి చేతికి పోవడం ఎవరూ చూడలేదు.

ఆ షెడ్డుకొక కట్టడి ఉంది. ఎవరు విప్పితే వాళ్ళే బిగించాలి. వాళ్ళు పిలవనిదే ఇంకొకరు ఆ బండి మీద చెయ్యి వేయకూడదు. ఉస్తాద్ కూడా వేయడు. ఈ మాట మద్దిలేటికి బాగా తలకెక్కింది. ఎంత బాగా ఎక్కిందంటే, అందులో మొదటి సగమే ఎక్కింది.

పని మాత్రం ప్రాణం పెట్టి చేశాడు. వంక పెట్టేందుకు లేదు. ఇంజను దించి నట్టు నట్టూ కడిగాడు. తుప్పు గీకించాడు. రబ్బరనేది ఎక్కడున్నా మార్చాడు. డోర్ల సందుల్లో, అద్దాల సందుల్లో, డిక్కీ అంచుల్లో చీమ దూరే దారి లేకుండా చేశాడు. "కడవతో నీళ్ళు కుమ్మరించండి, చుక్క లోపలికి పోతే నా పేరు మద్దిలేటి కాదు" అని నలుగురి ముందూ అన్నాడు. కుమ్మరించారు. పోలేదు. ఆ రోజు వాడి నడకే మారిపోయింది.

ఆ మరుసటి రోజే బండి మొదటిసారి రోడ్డెక్కింది, మొదటిసారి ఆగింది.

అప్పటి నుంచి మొదలైంది వాడి అవస్థ. కార్బురేటర్ విప్పి కడిగాడు. స్టార్టయింది. ఆహా, ఇదే రోగం అనుకున్నాడు. మళ్ళీ ఆగింది. కాయిల్ మార్చాడు. స్టార్టయింది. ఇదన్నమాట అనుకున్నాడు. మళ్ళీ ఆగింది. ఇంజనుకు పెట్రోలు తోడే పంపు మార్చాడు. వేడికి పైపులో పెట్రోలు ఆవిరైపోతోందేమోనని తడి గోనెపట్ట చుట్టాడు. ఏది చేసినా స్టార్టవుతుంది, ఏది చేసినా ఆగుతుంది. షెడ్డులో నిలబెట్టి ఆడిస్తే గంటసేపయినా దగ్గదు. రోడ్డు కనపడితేనే దానికి దగ్గొస్తుంది.

తోటి మేస్త్రీలు ఊరుకుంటారా? ఒకరు వచ్చి, "నేనొకసారి పక్కన కూర్చోని చూస్తా మద్దిలేటీ" అన్నారు. "అక్కర్లే" అన్నాడు. ఇంకొకరు, "ఉస్తాద్‌ను అడగరాదూ?" అన్నారు. వాడు విననట్టే స్పానర్ తుడుచుకున్నాడు. అడగడమంటే వాడికి నామోషీ. ఇంత బండి నమ్మి చేతికిస్తే, రాలేదని పోయి నిలబడటమా? అంతకంటే తుంగభద్రలో దూకడం మేలనుకున్నాడు.

ఒక్కడే తోలుకుపోయేవాడు. ఒక్కడే ఆగిపోయేవాడు. ఒక్కడే తిరిగి వచ్చేవాడు. తిండి సయించడం లేదు. ఇంట్లో పెండ్లాం ఏమైందని అడిగితే ఆమె మీద కూడా గయ్యిమన్నాడు, పాపం.

బుధవారం వేదవతమ్మ వచ్చింది. మెరుస్తున్న బండిని చూసి ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. స్టీరింగు మీద చెయ్యి పెట్టి ఒకసారి నిమిరింది.

"ఎల్లుండి పోదామా మద్దిలేటీ?" అంది.

"పోదామమ్మా" అన్నాడు. చూపు మాత్రం టైర్ల మీద పెట్టాడు.

"నంద్యాల దాకా పోతాది గదా?"

"పోతాదమ్మా."

ఆమె వెళ్ళాక వాడు బండి వెనక్కి పోయి నేల మీద కూలబడ్డాడు. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

గురువారం ఎండ ఇంకా ముదరకముందే ఉస్తాద్ తన గదిలోంచి బయటికి వచ్చాడు. ఒక చేతిలో సీలు తీయని నూనె డబ్బా, ఇంకో చేతిలో ఖాళీ సీసా. నంద్యాల రోడ్డు మీద రాళ్ళ మధ్య ఒక చిన్న దర్గా ఉంది. గురువారం గురువారం అక్కడి దీపానికి నూనె తీసుకుపోవడం ఆయన అలవాటు. ఎప్పుడూ ఆటోలో పోయేవాడు.

"మద్దిలేటీ, నీ బండిలో నన్ను దర్గా దాకా తీసుకపోతావా?" అన్నాడు.

మద్దిలేటికి గుండె గుభేలుమంది. ఉస్తాద్‌ను కాదనడం ఎట్లా? "రాండి ఉస్తాద్" అని డోరు తీశాడు. ఆయన ముందు సీట్లో కాకుండా వెనక సీట్లోకి పోయి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

బండి బ్రహ్మాండంగా కదిలింది. ఊరు దాటింది. చేలు వచ్చాయి. మద్దిలేటి లోపల్లోపల తనకు పేరిచ్చిన మద్దిలేటి స్వామికి మొక్కుకున్నాడు, ఉస్తాద్ ఉన్నాడు కదా అని దర్గాకు కూడా ఒకటి మొక్కాడు. ఈ ఒక్కసారికి పరువు దక్కితే చాలు.

దగ్గు. ఇంకొక దగ్గు. ఆగింది.

వాడు కిందికి దూకి బానెట్టు ఎత్తాడు. వైర్లు లాగాడు, ఊదాడు, బిగించాడు. చెమట ముక్కు చివరి నుంచి ఇంజను మీద పడుతోంది. ఉస్తాద్ సీట్లోంచి దిగలేదు, ఏమైందని అడగలేదు. కాసేపటికి తాళం తిప్పితే స్టార్టయింది.

"అయిపోయింది ఉస్తాద్. వైరు లూజు" అన్నాడు.

"ఊఁ" అన్నాడు ఉస్తాద్.

ఇంకొంత దూరం పోయారో లేదో, మళ్ళీ అదే దగ్గు. ఈసారి బండి దానంతటదే జరుగుతూ పోయి రోడ్డు పక్క రాళ్ళ నీడలో నిలబడింది. మద్దిలేటి దిగాడు. బానెట్టు ఎత్తలేదు. పోయి టైరును ఒక్క తన్ను తన్నాడు. కాలు నొప్పి పుట్టింది. ఆ నొప్పితో వాడికి కట్ట తెగినట్టు ఏడుపొచ్చింది.

"నా చేత్తో నేనే చంపినా ఉస్తాద్" అన్నాడు. "కొట్టంలో ఉంటే ఇంకో పదేండ్లు అట్లే ఉంటుండె. విప్పి చంపినా. రేపు ఆయమ్మకు ముఖమెట్ల చూపించేది?"

ఉస్తాద్ దిగి వచ్చి ఒక రాయి మీద కూర్చున్నాడు. వాడి ఏడుపు సద్దుమణిగేదాకా ఎదురుగా ఉన్న కొండను చూస్తూ ఉన్నాడు. తర్వాత జేబులోంచి ఒక మేకు తీసి, రాయితో కొట్టి, నూనె డబ్బా మూల ఒక్క బొక్క పెట్టాడు. డబ్బానూ సీసానూ వాడి ముందు పెట్టాడు.

"డబ్బా అంతా దర్గాకు కాదు. సీసాడు దర్గాకు, మిగతాది ఇంటికి. పోసియ్యి" అన్నాడు.

ఇక్కడ కొంప మునిగిపోతుంటే ఈయనకు నూనె గొడవ! మద్దిలేటికి ఒళ్ళు మండింది. అయినా ఉస్తాద్ చెప్పాడు కదా. ముక్కు తుడుచుకుని డబ్బా వంచాడు. సన్నటి ధార సీసాలో పడింది. పడి, సన్నబడి, చుక్కలయింది. తర్వాత చుక్క కూడా రాలేదు. డబ్బా కుదిపాడు. గుటుక్కుమని ఒక చుక్క. మళ్ళీ ఆగింది.

"పొయ్యరా" అన్నాడు ఉస్తాద్.

"యాడ పోసేది ఉస్తాద్!" మద్దిలేటి విసుక్కున్నాడు. "ఒక్క బొక్క కొట్టి పొయ్యమంటే ఎట్ల వస్తాది? పైన ఇంకోటి కొట్టాల. గాలి లోపలికి పోవాల గదా, గాలి పోకుంటే నూనె యాడ్నుంచి..."

అక్కడ ఆగిపోయాడు.

డబ్బా చేతిలో అట్లాగే వంచి పట్టుకుని ఉన్నాడు. వాడి చూపు మెల్లగా బండి వెనక్కి పోయింది. డబ్బా కింద పెట్టి లేచాడు. నడిచాడు. పెట్రోలు టాంకీ మూత పట్టుకుని తిప్పాడు.

సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. లోపల టాంకీ రేకు డుబ్బుమని పైకి లేచింది.

మద్దిలేటి మూతను తిరగేసి చూశాడు. నికెల్ పూత వేయించిన మూత, అద్దంలోలాగా ముఖం చూసుకోవచ్చు. దాన్ని కడిగినప్పుడు నడిమధ్య ముల్లు దూరేంత సన్నటి బొక్క కనిపించింది. తుప్పు తినేసిందనుకున్నాడు. టంకం పెట్టి మూసి, గీకి, నునుపు చేసి, వేలితో తడిమి తడిమి మురిసిపోయాడు. పెట్రోలు అయిపోయే కొద్దీ ఆ జాగాలోకి గాలి పోవాలి. పోవడానికున్న ఒక్క దారినీ తనే మూశాడు. రోడ్డు మీద జోరుగా పోతే పెట్రోలు జోరుగా ఖర్చవుతుంది, అందుకే రోడ్డు మీదే ఆగేది. ఏ సందులోంచో మెల్లగా గాలి చేరితే మళ్ళీ నడిచేది. వాడు మార్చిన పంపూ కాయిలూ వైరూ అన్నీ ఉత్త అమాయకులు.

వెనక్కి తిరిగేసరికి ఉస్తాద్ లేచి వచ్చి పక్కనే నిలబడి ఉన్నాడు. బండిని ముట్టుకోలేదు. అరచేతిలో మేకు పెట్టి చాపాడు, అంతే.

మద్దిలేటి మూతను రాయి మీద పెట్టి, టంకం మీద మేకు నిలబెట్టి, ఒక్క దెబ్బ వేశాడు. నికెల్ పూత బీటలిచ్చింది. వాడికి బాధ కలగలేదు. బొక్కలోంచి ఆకాశం కనబడుతుంటే ఫక్కున నవ్వొచ్చింది. కళ్ళలో నీళ్ళు ఇంకా ఆరనే లేదు.

తర్వాత నూనె డబ్బాకు కూడా రెండో మూల ఇంకో బొక్క కొట్టాడు. సీసా నిండింది.

ఆ పైన బండి ఆగితే ఒట్టు! దర్గా దాకా పోయింది. దీపంలో నూనె పోసి వస్తే, ఉస్తాద్ "ఇంకొంచెం పోదాం పా" అన్నాడు. ఓర్వకల్లు రాళ్ళ దాకా పోయి తిరిగొచ్చారు. కిటికీలోంచి గాలి కొడుతుంటే మద్దిలేటికి ఎన్నో రోజుల తర్వాత ఆకలి తెలిసింది. రోడ్డు పక్క హోటలు ముందు తనే బండి ఆపి, దోసెల మీద దోసెలు తిన్నాడు. తన ఇష్టం మీద తను ఆగడం ఎంత బాగుందో!

"మీకెప్పుడు తెలిసింది ఉస్తాద్?" అని అడిగాడు, తిరిగి వస్తూ.

"మొదటిసారి ఆగినప్పుడు నా వీపు వెనకాల రేకు టక్‌మని లోపలికి పోయింది. రెండోసారి ఆగినప్పుడు కూడా పోయింది."

"నాకొక్క రోజన్నా వినపళ్ళేదే!"

"నువ్వు ముందు సీట్లో ఉంటివి. ఇంజను మీదే చెవి. ఇన్ని రోజులూ వెనకాల ఎవర్నన్నా కూర్చోనిచ్చినావా?"

కొంచెం దూరం పోయాక ఉస్తాదే అన్నాడు, "డబ్బా ఒలుకుతాది, గుంతల్లో నిదానంగా పోనీ."

శుక్రవారం పొద్దున వేదవతమ్మ వచ్చింది. మద్దిలేటి ఆమె చేతికి తాళం ఇచ్చి, వెనక్కి తీసుకుపోయి, మేస్త్రీలందరూ వింటుండగానే మూత చూపించాడు.

"అమ్మా, దీనికి సన్న బొక్క ఉంటాది. అది మూసుకపోకుండా చూసుకోండి. నేనే తెలీక మూసినా. ఈ బండి ఇన్ని రోజులు ఆగి ఆగి నడిచిందంటే నా తప్పే, బండిది కాదు."

వేదవతమ్మ మూత చేతిలోకి తీసుకుని చూసి నవ్వేసింది.

"అయ్యో, మా నాయన నెలకొకసారి దీన్ని సూది పెట్టి గుచ్చుతుండె. ఎందుకో నేనెప్పుడూ అడగలే. నువ్వు ఒక్కమాట అడిగింటే చెప్పేదాన్ని గదా మద్దిలేటీ!"

మేస్త్రీలు గొల్లున నవ్వారు. మద్దిలేటి కూడా నవ్వాడు. నిన్నటి దాకా అయితే ఆ నవ్వుకు వాడు భూమిలోకి కుంగిపోయేవాడు.

తనే నంద్యాల దాకా తోలుతానని మద్దిలేటి అనుకున్నాడు. ఆమె వాడిని పక్క సీట్లో కూర్చోమని కూడా అనలేదు. "నువ్వు ఇంటికి పోయి పడుకో, నీ ముఖం చూడు ఎట్లుందో" అంది. కొంగు నడుముకు చెక్కి, కూర్చుని, తాళం తిప్పింది. దున్నపోతు ఒక్కసారి అరిచి, వాకిలి దాటి, మలుపు తిరిగింది. ఆ చప్పుడు చాలాసేపు వినబడుతూనే ఉంది. ఎక్కడా దగ్గలేదు.

మద్దిలేటి ఇంటికి పోలేదు. ఫోను చేతిలో పట్టుకుని షెడ్డు ముందే పచార్లు చేశాడు. మోగగానే ఎత్తాడు.

"వచ్చేసినాం!" అవతల వేదవతమ్మ గొంతు పదహారేళ్ళ పిల్ల గొంతులాగా ఉంది. "మా తమ్ముడు గేటు రెండు రెక్కలూ తీసినాడు. ఇప్పుడు వాడే స్టీరింగు దగ్గర కూర్చోని దిగనంటాండాడు."

మద్దిలేటి ఫోను పెట్టేసి, అక్కడే ఉన్న పాత టైరు మీద కూర్చున్నాడు. గుండెల మీది నుంచి బండరాయి దిగినట్టయింది. ఇన్ని రోజులకు కడుపునిండా ఒక ఊపిరి తీసుకున్నాడు.

మధ్యాహ్నానికి షెడ్డులో సందడి తగ్గింది. ఉస్తాద్ ఒక ట్రాక్టరు ఇంజను ముందు చాలాసేపటి నుంచి ఉన్నాడు. ఆయనే విప్పిన ఇంజను. చేతిలో ఒక గేరు పట్టుకుని అటు తిప్పి చూస్తున్నాడు, ఇటు తిప్పి చూస్తున్నాడు. తల గోక్కున్నాడు. ఉన్నట్టుండి, షెడ్డు ఆ కొస దాకా వినబడేట్టు పిలిచాడు.

"మద్దిలేటీ! ఇట్లా రా. ఇది ఎందుకు ఒకే పక్క అరిగిందో నాకు అంతు చిక్కడంలే."

నలుగురు మేస్త్రీలూ తలలెత్తారు. మద్దిలేటి లేచి వచ్చాడు. ఉస్తాద్ ముఖంలోకి చూశాడు. అందులో నటన ఏమీ లేదు. నిజంగానే తెలియని మనిషి ముఖం అది.

గేరు చేతిలోకి తీసుకున్నాడు. పళ్ళ మీద వేలు పెట్టి తడిమాడు. వెలుతురుకు పట్టాడు. ఏదో ఒకటి చెప్పేయాలని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు.

"నాకూ తెలీడంలే ఉస్తాద్" అన్నాడు.

"మంచిది" అన్నాడు ఉస్తాద్, పీట ఒకటి వాడి వైపు జరుపుతూ. "ఇప్పుడు ఇద్దరమైనాం. కూర్చో."